చిమ్నీలో పోయే వేడికి అప్పెవరిస్తారు?

మిర్యాలగూడ నుంచి వాడపల్లి వెళ్లే దారి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కృష్ణలో మూసీ కలిసే చోటు, ఒడ్డున పాత గుళ్లు. ఆ దాపునే విష్ణుపురం, అక్కడో సిమెంటు కర్మాగారం. ఒకప్పుడు రాశి సిమెంట్, 1998 తర్వాత ఇండియా సిమెంట్స్. 2004లో ఆ ప్రాంగణంలో ఓ చిన్న విద్యుత్ కేంద్రం నడవడం మొదలైంది. సామర్థ్యం 7.7 మెగావాట్లు. పెద్ద థర్మల్ కేంద్రాల పక్కన నిలబెడితే లెక్కలోకే రాదు. కానీ దానికోసం బొగ్గు వ్యాగన్లు రావు, గ్యాసు గొట్టం లేదు. సిమెంటు కాల్చగా మిగిలిపోయి, అప్పటిదాకా గాలిలో కలిసిపోయిన వేడే దానికి ఇంధనం. మన దేశపు సిమెంటు పరిశ్రమలో ఇలాంటి కేంద్రాల్లో మొదటిదిగా దీన్నే చెబుతారు.

ఆ యంత్రాలను వర్ణించడానికి నేనివాళ మీ ముందుకు రాలేదు. వర్ణించడం మొదలుపెడితే నాకిచ్చిన సమయమంతా బాయిలరు గొట్టాల్లోనే గడిచిపోతుంది. నా ప్రశ్న డబ్బుది. అంత డబ్బు ఎవరు పెట్టారు? కళ్ల ముందు వేడి వృథాగా పోతున్నా మిగతావాళ్లు అన్నేళ్లు ఎందుకు పెట్టలేదు?

అయినా యంత్రం సంగతి నాలుగు మాటలు తప్పదు. సున్నపురాయిని పొడిచేసి, కిల్న్ అనే పొడవాటి తిరిగే కొలిమిలో ఇంచుమించు 1450 డిగ్రీల దగ్గర కాలుస్తారు. గోళీకాయల్లాంటి క్లింకర్ గుళ్లు బయటపడతాయి. వాటిని చల్లని గాలితో చల్లారుస్తారు. ఇటు కొలిమి పొగ, లోపలికొచ్చే రాతిపొడిని వేడిచేస్తూ ప్రీహీటర్ టవర్ పైకెక్కి బయటికొస్తుంది. అలా అంత పనిచేసి అలసి బయటికొచ్చిన పొగ కూడా మూడు వందల డిగ్రీల పైనే ఉంటుంది. క్లింకర్‌ను చల్లార్చిన గాలిదీ ఇంచుమించు అదే పరిస్థితి. ఆ రెండు చోట్లా బాయిలర్లు కూర్చోబెట్టి, నీళ్లు మరిగించి, ఆవిరితో టర్బైన్ తిప్పితే టన్ను క్లింకర్‌కు పాతిక నుంచి నలభై యూనిట్ల దాకా కరెంటు పిండుకోవచ్చు. బాగా కుదిరితే ఫ్యాక్టరీకి కావలసిన కరెంటులో 30 శాతం వరకూ దీంతోనే తీరుతుంది.

చలిదేశాలకు ఇందులో ఓ వెసులుబాటుంది. స్వీడన్‌లో లూలియో అనే ఊరుంది. అక్కడి ఉక్కు కర్మాగారంలో మిగిలిన వాయువులతో వేడిచేసిన నీళ్లు గొట్టాల్లో ఊరంతా తిరిగి ఇళ్లను వెచ్చబెడతాయి. వేడిని వేడిగానే అమ్ముకుంటే పెద్దగా నష్టం ఉండదు. మన నల్గొండలో మే నెలలో ఎవరికమ్ముతాం? అందుకే దాన్ని కరెంటుగా మార్చుకోక తప్పదు. మూడు వందల డిగ్రీల వేడిని కరెంటుగా మార్చబోతే అయిదింట ఒక వంతే చేతికి దక్కుతుంది. మిగిలిన నాలుగు వంతులూ మళ్లీ గాలికే. పెట్టుబడి పెద్దది కావడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఇది ఏ ఒక్క కంపెనీ లెక్కా కాదు, మన మాటల కోసం నేను వేసుకున్నది. 8 మెగావాట్ల కేంద్రం, ఖర్చు 100 కోట్లు అనుకోండి. సొంత పంపులకు, ఫ్యాన్లకు పోగా 7.4 మెగావాట్లు మిగులుతాయి. ఏడాదికి 7000 గంటలు నడిస్తే అయిదు కోట్ల పైచిలుకు యూనిట్లు. బయట కొనే కరెంటు యూనిట్ ఆరు రూపాయలైతే 31 కోట్లు ఆదా. నిర్వహణకు మూడు కోట్లు తీసేయండి, 28 కోట్లు. 10 శాతం వడ్డీకి మొత్తం అప్పే తెచ్చినా నాలుగున్నర ఏళ్లలో తీరిపోతుంది. ఆ తర్వాత ఓ పదిహేనేళ్లు దాదాపు ఉచితంగా కరెంటు. ఇంత లాభముంటే బ్యాంకులు క్యూ కట్టాలి కదా?

ఇదే లెక్కలో ఒక్క అంకె మారుద్దాం. దక్షిణాదిలో సిమెంటు సామర్థ్యం గిరాకీని మించిపోయి చాలా ఏళ్లయింది. కిల్న్ ఆగితే వేడీ ఆగుతుంది. 7000 గంటలకు బదులు 4800 గంటలే నడిచిందనుకోండి. ఆదా 31 కోట్ల నుంచి 21 కోట్లకు పడిపోతుంది. వడ్డీతో సహా అప్పు తీరడానికి ఎనిమిదేళ్లు దాటుతుంది. ఫ్యాక్టరీకి సొంత బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంటే యూనిట్ ఆరు రూపాయలకు పడదు, ఇంకా చవక. అప్పుడు ఆదా మరింత కుంచించుకుపోతుంది. వానాకాలం సున్నపురాయి తడిగా వస్తే, ఉన్న వేడిలో కొంత దాన్ని ఆరబెట్టడానికే పోతుంది. యంత్రం బాగానే ఉంది, పొగ వేడిగానే ఉంది, అప్పు మాత్రం తీరడం లేదు. బ్యాంకు అధికారికి రాత్రి నిద్రపట్టనిచ్చే లెక్క కాదిది.

ఆయనకు ఇంకో భయం ఉంది. దాని గురించి మేం ఇంజనీర్లం తక్కువ మాట్లాడతాం. లారీకి అప్పిస్తే, వాయిదాలు కట్టకపోతే లారీ పట్టుకుపోవచ్చు. కిల్న్‌కు అతికించిన ఆ బాయిలర్‌ను పట్టుకుపోయి ఏం చేసుకుంటారు? విప్పిన మరుక్షణం అది పాత ఇనుము. పైగా అది సంపాదించేది కొత్త ఆదాయం కాదు, తప్పిన ఖర్చు. ఖర్చుకాని డబ్బుకు రసీదు ఉండదు. గల్లాపెట్టెలో అది కనిపించదు. "మీ పొగ మీద నమ్మకంతో అప్పివ్వమంటారా? ఆ పొలం కాయితాలేవో పెట్టండి, చూద్దాం" అనే మాట చిన్న పరిశ్రమలవాళ్లు ఎందరో విని ఉంటారు.

మరి విష్ణుపురంలో ఎలా కుదిరింది? జపాన్ ఆదుకుంది. ఆ దేశంలో నెడో అనే ప్రభుత్వ సంస్థ ఉంది. చమురు సంక్షోభం దెబ్బకు జపాన్ కంపెనీలు 1980ల తొలినాళ్లలోనే సిమెంటు పొగ నుంచి కరెంటు తీయడం నేర్చుకున్నాయి. ఆ విద్యను ఆసియా దేశాలకు చూపించడానికి గ్రీన్ ఎయిడ్ ప్లాన్ కింద నెడో ప్రధాన యంత్ర సామగ్రి సమకూర్చింది. బాయిలర్లు కవాసాకి కంపెనీవి. విశాఖ ఉక్కు కర్మాగారంలో సింటర్ కూలర్ వేడితో నడిచే 20.6 మెగావాట్ల కేంద్రమూ నెడో తోడ్పాటుతో వచ్చిందే. విశాఖ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. వెయ్యి డిగ్రీలున్న ఎర్రటి కోక్ మీద నీళ్లు గుమ్మరించి తెల్లటి ఆవిరి మబ్బులు లేపడం ఉక్కు పరిశ్రమలో పాత పద్ధతి. విశాఖలో మొదటినుంచీ నైట్రోజన్ వాయువుతో కోక్‌ను పొడిగా చల్లార్చి, ఆ వేడిని ఆవిరిగా మార్చుకుంటున్నారు. నక్షా గీసేటప్పుడే ఆ ఖర్చు కలిపేశారు గనక దానికోసం ఎవరూ విడిగా అప్పు అడగాల్సిన పని రాలేదు. తర్వాత అతికించే వాటికే ఈ పాట్లన్నీ.

విష్ణుపురం కన్నా ఆరేళ్ల ముందు, 1998లో, నెడో ఇలాంటి మాదిరి కేంద్రాన్నే చైనాలో పెట్టించింది. అన్హుయ్ రాష్ట్రంలో కాంచ్ అనే సిమెంటు కంపెనీ, నింగ్‌గువో అనే ఊరు. ఇచ్చిన చెయ్యి అదే, యంత్రాల కంపెనీ అదే. 2006లో కాంచ్, కవాసాకి కలిసి ఉమ్మడి కంపెనీ పెట్టాయి. బాయిలర్లు, టర్బైన్లు చైనాలోనే తయారయ్యాయి, ధరలు దిగొచ్చాయి. కొత్తగా కట్టే కిల్న్‌కు వేడి పట్టే ఏర్పాటు ఉండాలని ప్రభుత్వం ఒత్తిడి పెట్టింది. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కార్పొరేషన్ 2014లో ఓ నివేదిక ఇచ్చింది. అప్పటికి సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇలాంటి కేంద్రాలు చైనాలో 739, మన దేశంలో 26. ఆరేళ్ల తేడాతో ఒకే రకం విత్తనం చల్లితే అక్కడ అడవి మొలిచింది, ఇక్కడ పెరటి తోట. నా అభిప్రాయం అడిగితే, మనం ఆ మాదిరి కేంద్రాన్ని ప్రారంభోత్సవంలాగా చూశాం. రిబ్బన్ కత్తిరించాం, ఫొటో దిగాం. ఉచితంగా వచ్చిన యంత్రం బాగా తిరుగుతోందని తెలిసింది సరే. అప్పు తెచ్చి కొన్న యంత్రం వడ్డీ కట్టుకోగలదా అన్నది మాత్రం ఆ కేంద్రాన్ని చూసి ఏ బ్యాంకుకూ తెలియలేదు.

ఆ ఖాళీని పూడ్చడానికి కర్బన డబ్బు వచ్చింది. క్యోటో ఒప్పందం కింద స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం. బొగ్గు కరెంటు తగ్గించినవాడికి క్రెడిట్లు ఇచ్చేవారు, వాటిని యూరప్ కంపెనీలు కొనేవి. మన దేశం నుంచి వృథా వేడి ప్రాజెక్టులు చాలానే నమోదయ్యాయి. ఇందులో ఓ తమాషా ఉంది. క్రెడిట్లు రావాలంటే "ఈ డబ్బు లేకపోతే మా ప్రాజెక్టు గిట్టుబాటు కాదు" అని రుజువు చేయాలి. అప్పు రావాలంటే అదే ప్రాజెక్టు బంగారంలా గిట్టుబాటవుతుందని బ్యాంకుకు రుజువు చేయాలి. కంపెనీల్లో ఓ గదిలో ఒక ఫైలు, పక్క గదిలో దానికి తోడల్లుడు లాంటి ఇంకో ఫైలు. రెండూ అబద్ధం కాకపోవచ్చు, రెండూ ఒక సంతకం కిందే ఉండేవి. 2008లో ఇరవై యూరోలు దాటిన క్రెడిట్ ధర 2012 చివరికి ఒక్క యూరో కిందికి జారింది. ఆ రాబడి నమ్ముకుని లెక్క కట్టినవాళ్ల సంగతి ఏమైందో మీరే ఊహించుకోండి.

తర్వాత మన ప్రభుత్వం సొంత సంత పెట్టింది. 2012 నుంచి 2015 దాకా 478 పెద్ద కర్మాగారాలకు ఇంధనం తగ్గించే లక్ష్యాలిచ్చారు. వాడుకలో పాట్ పథకం అంటే అదే. లక్ష్యం దాటినవాళ్లకు పత్రాలు, అందుకోలేనివాళ్లు వాటిని కొనుక్కోవాలి. 2017లో జరిగిన మొదటి విడత వ్యాపారంలో ఇంచుమించు 13 లక్షల పత్రాలు చేతులు మారాయి. మొత్తం విలువ సుమారు 100 కోట్లు. దేశం మొత్తం మీద జరిగిన బేరం, ఇందాక నేను చెప్పిన ఒక్క ఎనిమిది మెగావాట్ల కేంద్రం ఖరీదంత. లక్ష్యాలు తేలికగా ఉండి అమ్మేవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువైతే ధర అలాగే పడుతుంది. టమాటా రైతుకు తెలియని సంగతా ఇది!

ఇప్పుడు దాని స్థానంలో కర్బన క్రెడిట్ల వ్యాపార పథకం వస్తోంది. 2023లో ప్రకటించారు. 2025లో సిమెంటుతో సహా కొన్ని రంగాలకు ఉద్గారాల లక్ష్యాలు ఖరారు చేశారు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు ఇంచుమించు ముప్పావు కిలో బొగ్గుపులుసు వాయువు లెక్కన, టన్ను క్రెడిట్ వెయ్యి రూపాయలు పలికితే వృథా వేడి యూనిట్‌కు 75 పైసలు అదనంగా కలిసొస్తాయి. 100 పలికితే ఏడున్నర పైసలు. బ్యాంకు ఏ ధర నమ్మి అప్పివ్వాలి? ధర ఇంతకన్నా పడనివ్వం అని ఎవరైనా గట్టిగా ఒక మాట చెబితే తప్ప ఈ డబ్బు అప్పుకు ఊతం కాదు, తర్వాతెప్పుడో వచ్చే బోనస్ మాత్రమే.

పెద్ద కంపెనీలు ఈ గొడవల్లో పడకుండా సొంత డబ్బుతో, తమ పేరు మీద వచ్చే అప్పుతో పని కానిచ్చేశాయి. కరెంటు ధరలు పెరిగాక అవి జోరందుకున్నాయి. ఒక్క అల్ట్రాటెక్ దగ్గరే ఇప్పుడు వృథా వేడి సామర్థ్యం 250 మెగావాట్లు దాటింది. ఆదాయపు పన్నులో వాళ్లకు ఓ సాయం కూడా ఉండేది. ఇలాంటి పరికరాల ఖరీదులో 80 శాతాన్ని మొదటి ఏడాదే తరుగుదలగా చూపించుకోగలిగేవాళ్లు. 2017 నుంచి దాన్ని 40 శాతానికి కుదించారు. లాభాల్లో ఉన్నవాడికే పనికొచ్చే సాయమది. నష్టాల్లో ఉన్నవాడికి పన్నే లేదు, ఇక మినహాయింపు దేనికి?

తాడిపత్రి గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. అక్కడి సిమెంటు కర్మాగారంలో 2000 దశకం రెండో సగంలో నాలుగు మెగావాట్ల పైచిలుకు కేంద్రం వేరే పద్ధతిలో పెట్టారు. నీటి ఆవిరికి బదులు పెంటేన్ అనే ద్రవం. 36 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి తక్కువ వేడితోనూ టర్బైన్ తిరుగుతుంది. గాలితోనే చల్లార్చుకోవచ్చు గనక నీళ్ల ఖర్చు తక్కువ. అనంతపురం జిల్లాలో నీళ్ల విలువ నేను చెప్పాలా? కానీ మెగావాటుకు పెట్టుబడి ఎక్కువ. మిగిలిన నీటికి బ్యాంకు లెక్కలో వరస లేదు. ఆ వరస చేరిస్తే రాయలసీమలో ఏది లాభమో, ఏది ఖరీదో తారుమారవుతుందని నా నమ్మకం.

ఇక చిన్నవాళ్లు. నిజానికి నేను చెప్పాలనుకున్నది వీళ్ల గురించే. మళ్లీ మిర్యాలగూడకే వద్దాం. విష్ణుపురం పొగగొట్టానికి ఎంతో దూరంలేని ఈ ఊరి చుట్టూ బాయిల్డ్ రైస్ మిల్లులు. ప్రతి మిల్లులో ఊకతో మండే బాయిలర్. ధాన్యం నానబెట్టడానికి, ఉడకబెట్టడానికి వాడిన ఆవిరి ధాన్యంలోకే పోతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోలేం. డ్రయ్యర్‌ది అలా కాదు. అక్కడ ఆవిరి గొట్టాల్లో తిరిగి, గాలిని వేడిచేసి, తానే మరిగే నీళ్లుగా మారి బయటికొస్తుంది. శుభ్రమైన నీళ్లు. ఓ మిల్లులో అవి మోరీలోకి పోతుండటం చూశాను. బాయిలర్‌కు పోసేదేమో బోరునీళ్లు, ముప్పై డిగ్రీలవి.

"అన్నా, ఈ నీళ్లెందుకు పారబోస్తున్నవు?" అన్నాను.

"వేడి నీళ్లకు గూడ లెక్కలేంది సార్? ఊక మనదే గద!" అన్నాడాయన.

ఊక ఒకప్పుడు ఉచితమే. ఇప్పుడు ఇటుక బట్టీలవాళ్లు, విద్యుత్ కేంద్రాలవాళ్లు లారీలు పెట్టి కొనుక్కుపోతున్నారు. బాయిలర్ నీళ్లు ఆరు డిగ్రీలు వెచ్చబడితే ఇంధనం ఒక శాతం ఆదా అన్నది మా వృత్తిలో అందరికీ తెలిసిన మోటు లెక్క. అలాగే పొగను 22 డిగ్రీలు చల్లార్చినా ఒక శాతం. బొగ్గో నూనో అయితే పొగను మరీ చల్లార్చకూడదు, గంధకం ఆమ్లమై గొట్టాలు తినేస్తుంది. నీళ్లకు ఆ బాధ లేదు. మోరీలోకి పోయే ఆ నీళ్లను బాయిలర్‌కు తిప్పుకోవడానికి కావలసింది ఓ ట్యాంకు, పంపు, కొన్ని స్టీమ్ ట్రాపులు, తొడుగు వేసిన గొట్టం.

ఇలాంటివాళ్ల కోసం ఓ మార్గం కాగితం మీద చాలా అందంగా ఉంది. ఎస్కో అనే మధ్యవర్తి కంపెనీ వస్తుంది, తన డబ్బుతో పరికరాలు పెడుతుంది, మిగిలిన ఇంధనంలో వాటా తీసుకుంటుంది. మిల్లు జేబులోంచి పైసా కదలదు. ఎస్కోకు అప్పిచ్చిన బ్యాంకు భయపడకుండా కేంద్రం హామీ నిధి కూడా ఏర్పాటు చేసింది; అప్పులో సగానికి లేదా 10 కోట్లకు, ఏది తక్కువైతే దానికి పూచీ. మరి తగువు ఎక్కడొస్తుంది? మిగిలిందెంత అన్న దగ్గర. నిరుటి ఊక ఎండుగా ఉంది, ఈసారి తడిసింది. నిరుడు రెండు పంటల ధాన్యం ఆడింది, ఈసారి ఒకటే. ఈ తేడా నీ గొట్టం వల్లనా, నా ఊక వల్లనా? ముందు ఎంత ఊక కాలేదో ఎవరూ రాసి పెట్టుకోలేదు. కౌలుకిచ్చిన పొలంలో దిగుబడి తగువులాంటిదే ఇది, ఇక్కడ కుప్ప మాత్రం కనపడదు.

2025లో కేంద్రం అడీటీ అని ఇంకో పథకం తెచ్చింది. వెయ్యి కోట్లు కేటాయించి, ఇంధనం ఆదా చేసే పరికరాలకు తెచ్చుకునే అప్పు మీద సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు అయిదు శాతం, మధ్యతరహా వాటికి మూడు శాతం వడ్డీ తగ్గిస్తారు. వడ్డీతో పాటు ముందస్తు ఆడిట్‌కూ సాయం ఉంది. నా మట్టుకు నాకు వడ్డీ రాయితీ కన్నా ఆ ఆడిట్ సాయమే విలువైందనిపిస్తుంది. "ముందు ఎంత" అన్న అంకె కాయితం మీద ఉంటే సగం తగువులు పుట్టవు. బ్యాంకు అధికారికీ పొగ బదులు ఆ కాయితం చేతికొస్తుంది.

ఆ మిల్లాయన ఈ పథకాలేవీ వచ్చేదాకా ఆగలేదు, అప్పూ తీసుకోలేదు. యాసంగి ధాన్యం ఆడటం అయిపోయి మిల్లు ఆగిన నెలలో, సొంత డబ్బుతో ట్యాంకు, గొట్టం వేయించాడు. ట్యాంకుకు ఓ డయల్ థర్మామీటరు పెట్టమని మాత్రం నేను పట్టుబట్టాను. దానికి ఖర్చెందుకని ఆయన మొదట సణిగాడు. వానాకాలం ధాన్యం ఆడటం మొదలైన నాలుగో రోజు పొద్దున్నే ఫోను. వెనకాల మిల్లు హోరు.

"సార్, అరవై ఆరుంది."

ముప్పై నుంచి అరవై ఆరు. ఆరుతో భాగించి చెప్పబోయాను. ఆయనే అందుకుని, "ఆరు శాతం గద? నేను ఊక లారీల్లో లెక్కబెట్టుకున్న లెండి," అని ఫోను పెట్టేశాడు.